ఆమట్ అంటే ఆ మాట

మొన్న ఆదివారం గీదం సంతలో లేత వెదురు కొమ్ములు కనబడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. అమ్మే పిల్ల "బాస్తా లే లో ఆంటీ, ఆమట్ బనానా" అంది, కొమ్ములు కొనుక్కెళ్ళి ఆమట్ వండుకోమని. కొనకుండానే వచ్చేశాను. మా ఇంట్లో ఆమట్ పులుసు వండటం మానేసి చాలాకాలమైంది.

కిరండూల్ లైను కొత్తగా వేసిన రోజుల్లో తాతకి రైల్వేలో పని దొరికితే, ఆయన వెంట నాయనమ్మ విజయనగరం వైపు నుంచి బస్తర్ వచ్చింది. ఆవిడకి తెలుగు తప్ప మరో ముక్క రాదు. క్వార్టర్ల వెనక ఆకుకూరలమ్మే, హల్బీ భాష మాట్లాడే ఆవిడ ఒకరోజు తను తెచ్చుకున్న పులుసు కాస్త రుచి చూపించింది. వెదురు కొమ్ములు, కూరగాయలు ఉడికించి, బియ్యప్పిండి కలిపి చిక్కగా కాచిన పుల్లటి పులుసు. నాయనమ్మ లొట్టలేసి, గిన్నె వైపు వేలు చూపించి "దీన్నేటంటారు?" అంది. "ఆమట్" అంది ఆవిడ. "ఆ మాటే అడుగుతున్నానమ్మా, చెప్పవేటి?" అంది నాయనమ్మ. "ఆమట్!" అని ఆవిడ గొంతు పెంచింది. అలా కాసేపు పోట్లాడుకుని, చివరికి తన తెలివితక్కువతనం తెలిసి నాయనమ్మే పొట్ట పట్టుకుని నవ్విందట. మర్నాడు బదులుగా "చారు తాగుతావా?" అంటే, ఆవిడ పళ్ళ కోసం చెంగు పట్టిందట. అక్కడ చార్ అంటే సారపప్పు చెట్టు పండు మరి. మా ఇంట్లో ఆమట్ 'ఆ మాట పులుసు' అయింది. నేను హిందీ టీచరునయ్యాక, ఈ పేరు ఆమ్లం నుంచి వచ్చిందేమో నాయనమ్మా అని పాండిత్యం చూపించబోతే, "ఎక్కణ్ణుంచొస్తే ఏటే, నన్ను బతికించింది" అనేసింది. మలేరియాతో మంచం పట్టినప్పుడు ఆ హల్బీ ఆవిడే పక్కన కూర్చుని ఆ పులుసు తాగించిందట. ఆవిడ కూతురు మా వరండాలోనే నాతో ఆడుకుంటూ తెలుగు నేర్చుకుంది. నాకంటే కాస్త పెద్దది. నేను అక్కా అనేదాన్ని, తను నన్ను చెల్లీ అనేది.

ఈ కథంతా నాతో ఒకే బడిలో పాఠాలు చెప్పిన స్నేహితురాలికి తెలుసు. నాయనమ్మ పోయిన వారంలో నా పక్కన పడుకుని, నేను ఏడుస్తూ చెబుతుంటే తల నిమురుతూ విన్న మనిషి. ఆ మధ్య మా కాలనీ తెలుగువాళ్ళు వంటల పోటీ పెట్టారు. వంటతోబాటు దాని పేరు వెనక కథ కూడా చెప్పాలి. స్నేహితురాలు పేరిచ్చిందని విని, చూడటానికి అక్కని కూడా వెంటబెట్టుకెళ్ళాను.

స్నేహితురాలు మైకు పట్టుకుని "మా నాయనమ్మ..." అని మొదలుపెట్టింది. పులుసు మాదే, కథ మాదే. అది కూడా మింగేదాన్నేమో. కానీ ఆవిడ కథలో తెలివితక్కువది నాయనమ్మ కాదు. పేరడిగితే చెప్పడం చేతకాక, కోడిలా మెడ సాచి "ఆమట్, ఆమట్" అని అరిచే అడవి మనిషి. ఆ అరుపు అనుకరించి మరీ చూపించింది. హాలు హాలంతా పగలబడి నవ్వింది. స్నేహితురాలు నా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

అక్క నవ్వలేదు. "మా ఆయాకి మాట రాదని నువ్వే చెప్పినావా, చెల్లీ?" అంది. హల్బీలో ఆయా అంటే అమ్మ. కాదంటున్నా వినకుండా లేచి వెళ్ళిపోయింది.

నేను మెట్ల దగ్గర కాపు కాసి స్నేహితురాల్ని అడిగాను. బహుమతి చంకన పెట్టుకుని, "ఏటే, ఇంత చిన్నదానికి? నలుగురూ నవ్వడానికి కాస్త మార్చాను. మాటలేమైనా మీ ఇంటి ఆస్తా?" అంది.

"మాటలు కావు. మా నాయనమ్మ నీకేమవుతుంది?" అన్నాను. ఆ తర్వాత ఆవిడ ఫోనుకి నేను పలకలేదు.

మర్నాడే అక్క ఇంటికి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. విన్నది. టీ ఇచ్చింది. నమ్మిందో లేదో తెలియలేదు. "బైఠియే మేడమ్" అంది. అప్పటినుంచి నాతో హిందీలోనే మాట్లాడుతుంది, చక్కగా, మర్యాదగా. నేను తెలుగులో అడిగితే హిందీలో చెబుతుంది.

చిన్నప్పటినుంచీ ఏళ్ళ తరబడి మాటా మాటా కూడబెట్టుకున్న ఆ తెలుగు పోవడానికి ఒక్క పూట చాలింది. మళ్ళీ రావడానికి మా ఇద్దరికీ మిగిలిన కాలం సరిపోతుందో లేదో.