డిటర్మిన్డ్ అంటే పట్టుదలే అనుకున్నాను

1998 జూన్‌లో మాదాపూర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుగా చేరాను. అంతకు ముందు ఇరవయ్యేడేళ్లు అనంతపురంలో సర్కారు నౌకరీ. ప్రోగ్రాములు రాసే పిల్లలకు నా పనేమిటో అర్థమయ్యేది కాదు. బిల్డింగు లీజు, జనరేటరు, బయటి నుంచి వచ్చే ఉత్తరాలు, వాటికి జవాబులు, ఇవీ నా శాఖలు. ఇంగ్లీషులో జవాబు రాయడంలో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఆ మాట ఇంకెవరైనా అన్నట్టు గుర్తులేదు.

బిల్డింగు వెనక రేకుల షెడ్డులో బాలమణి ఇడ్లీ, చాయ్ అమ్మేది. ఖాజాగూడ మనిషి. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. షెడ్డు మా లీజులోదే కాబట్టి మేముంటేనే ఆమె ఉంటుంది. అక్టోబరులో పక్కన కొత్తగా వచ్చిన కంపెనీవాళ్లు తమ ఆవరణలో క్యాంటీన్ పెట్టుకోమని ఆమెను పిలిచారు. వారంలో జవాబు చెప్పాలట.

"మీరు ఈడనే ఉంటరా సారూ? ఉంటె నేనెందుకు పోత? పొయ్యేటట్టుంటె జర ముందుగాల చెప్పుండ్రి" అని నన్నడిగింది.

సరిగ్గా మర్నాడే బిల్డింగు యజమాని యాదిరెడ్డి పటేలు తరఫున వకీలు నోటీసు వచ్చింది. లీజు గడువు డిసెంబరుతో తీరుతున్నందున మీ టెనెన్సీ, అంటే కిరాయికి ఉండే హక్కు, 'స్టాండ్స్ డిటర్మిన్డ్' అని ఉంది. డిటర్మిన్డ్ అంటే పట్టుదల గల, దృఢమైన. హైస్కూల్లో బెత్తం దెబ్బలతో వంటబట్టిన అర్థం అది. పైగా 'స్టాండ్స్' అని కూడా ఉందాయె! గడువు తీరినా మా హక్కు చెక్కు చెదరదని పటేలు మాటిస్తున్నాడని తేల్చేశాను.

"అలా చెప్పడానికి వకీలెందుకండీ? ఎవరినైనా అడుగుదాం సార్" అంది మా టైపిస్టు సుజాత. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. 'మేమూ అంతే డిటర్మిన్డ్‌గా ఉన్నాం' అని ఇంగ్లీషులో ఆమె చేతనే టైపు చేయించి, సంతకం పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. బాలమణికి కబురు నేనే స్వయంగా చెప్పాను, నిశ్చింతగా ఉండమ్మా అని. ఆమె పక్క కంపెనీకి రానని చెప్పేసింది.

డిసెంబరు మొదట్లో పటేలు టేపు పట్టుకొచ్చి మా గదులు కొలవసాగాడు. ఎందుకని అడిగితే ఆయనే ఆశ్చర్యపోయాడు.

"ఏంది సారూ, ఖాళీ చెయ్యుండ్రని మేం రాస్తిమి, సరే అని మీరు రాస్తిరి. మీ కాయితం చూసే ఇంకోలకు మాటిచ్చిన."

నోటీసు పట్టుకుని నాకు తెలిసిన ఒక వకీలు దగ్గరికి పరుగెత్తాను. ఆయన నవ్వాపుకుంటూ విడమరచి చెప్పాడు. మనిషి డిటర్మిన్డ్ అయితే పట్టుదల, లీజు డిటర్మిన్డ్ అయితే రద్దు. కోర్టు భాషలో అంతే. ఆ లెక్కన మేమూ అంతే రద్దయిపోయామని సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నాను.

కంపెనీకి లింగంపల్లిలో వేరే చోటు దొరికింది. మేనేజరు ముందు నేను నిలబడ్డ అరగంట సంగతి ఇక్కడ రాయను. బాలమణికి మాత్రం ఏదీ దొరకలేదు. పక్క కంపెనీ క్యాంటీన్ అప్పటికే మరొకరికి ఇచ్చేశారు. నేను పోయి బతిమాలినా లాభం లేకపోయింది.

షెడ్డులో గిన్నెలు సర్దుకుంటున్న ఆమెకు జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"గా ఇంగ్లీషు నీకు సమజైతలేదని అప్పుడే చెప్తె అయిపోతుండె గద సారూ. పటేలుది మా గల్లీనే. నేనే పోయి అడుగుతుంటి" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ కుర్చీలోనే ఇంకా చాలా ఏళ్లు పనిచేశాను. తెలియని మాటకు ఎవరైనా డిక్షనరీ చూస్తారు. తెలిసిన మాటకు చూడడం నేను అక్కడ నేర్చుకున్నాను. నోటీసు ఏదొచ్చినా ముందు పంపినవాడి ఇంటికి వెళ్లి, ఏం కావాలో తెలుగులో అడిగి, ఆ తర్వాతే జవాబు రాసేవాణ్ణి. ఈ పద్ధతి కంపెనీకి చాలాసార్లు పనికొచ్చింది. బాలమణికి పనికిరాలేదు.