బర్రె సినిమాకు పేర్లు

మేం తీసిన సినిమాకు కెమెరా లేదు, రీలు లేదు. ఒక చాయపత్తి పెట్టె, రెండు పాత గొడ్డలి కామలు, ఒకదానికొకటి అంటబెట్టిన కాయితాలు, గంతే. అయినా మేం దాన్ని సినిమా అనే అన్నం. ఆ యేడు ఇబ్రహీంపట్నం బళ్లె మాతోని చదివినోళ్లు ఇప్పుడు ఎక్కడన్న కలిసినా సినిమా అనే అంటరు.

పోలీస్ యాక్షన్ అయినంక కొన్ని నెలలు బడి మూతబడ్డది. మళ్ల తెరిచేసరికి ఉర్దూల చెప్పే పాత సార్లు సగం మంది లేరు. వాళ్ల జాగల తుర్కయాంజాల్ దిక్కు నుంచి సైకిల్ మీద ఒక కొత్త సారు రాబట్టిండు. బక్క మనిషి. నవ్వితే భుజాలు ఎగురుతుండె. వచ్చిన మొదటి దినమే బోర్డు మీద తెలుగుల ఒక మాట రాసి చదువుమన్నడు. తరగతిల అందరం తలకాయలు దించుకున్నం. తెలుగు మా నోట్ల ఉన్నది గాని చేతిల లేదు. అప్పటిదాక మేం దిద్దింది అలిఫ్, బే.

"ఇంట్ల ఏం మాట్లాడ్తరు?" అని అడిగిండు సారు.

"తెలుగే సార్."

"మరి మాట్లాడనీకి లేని సిగ్గు రాయనీకి ఎందుకు?"

ఒక్క పిల్ల మాత్రం లేచి బోర్డు మీదిది గడగడ చదివి కూసున్నది. పాస్టరయ్య బిడ్డ ఆమె. మా తరగతిల ఉన్న ఇద్దరాడపిల్లల్ల ఒకతె. వాళ్ల నాయనమ్మ ఆమెకు గుడిల పాడే పాటల పుస్తకం ముందర పెట్టి, పెద్ద పెద్ద అచ్చక్షరాల మీద వేలు నడిపిచ్చి తెలుగు నేర్పింది.

కొన్ని దినాలకు సారు ఒక కబురు చెప్పిండు. పట్నం నుంచి పెద్ద సార్లు బడి చూడనీకి వస్తున్నరట. ఒక్కొక్క తరగతి ఒక్కొక్క ఆట చూపియ్యాలె. పాటనో నాటకమో, మా ఇష్టం.

"సినిమా చూపిస్తం సార్," అన్నడు నా పక్కన కూసున్నోడు. వాడు సర్కారు కచేరీల పని చేసే మున్షీ కొడుకు. తరగతి మొత్తంల సినిమా చూసిన మొగోడు వాడొక్కడే. పట్నంల వాళ్ల మామ తీస్కపోయి చూపిచ్చిండు. అప్పటి సంది వారానికొక్కసారన్న ఆ ముచ్చట చెప్పకుంటె వానికి బువ్వ అరగకపోతుండె.

సారు భుజాలు ఎగిరినయ్. "కెమెరా ఏది బేటా?"

"కాయితాల మీద బొమ్మలు గీస్తం సార్. అన్ని అంటబెట్టి, పెట్టెల పెట్టి కట్టెతోని తిప్పుతం."

"మరి కథ?"

కథ నా తాన ఉండె. పోలీస్ యాక్షన్‌కు కొద్ది దినాల ముందు నాదర్‌గుల్ దిక్కు నుంచి ఒక విమానం మా ఊరి మీదికెల్లి పోయింది. బాంబులేస్తదని ఎవరో ఒర్రిన్రు. మా వాడ వాడంత ఉరికి జొన్నచేన్ల పడ్డది. మా అమ్మ చేతిల ఉన్న కవ్వం ఇడ్వకుండ గట్లనే ఉరికింది. మా బర్రె ఒక్కటే వాకిట్ల నిలవడి, మెడ పైకెత్తి, విమానం కనవడినంత సేపు కండ్లార్పకుండ చూసింది. విమానం ఏమెయ్యలే, తన దారిన తాను పోయింది. బర్రె పెండవెట్టి నిమ్మలంగ పండుకున్నది. చేన్లకెల్లి వాపసొచ్చినోళ్లంత దాని ముందర నిలవడి నవ్విన్రు. ఆ రోజులల్ల మేం నవ్వింది తక్కువ గనుక అది నాకు బాగ యాదికున్నది.

సారు కథ విని ఒప్పుకున్నడు. నేను బొమ్మలు, మున్షీ కొడుకు రాతపని, పాస్టరయ్య బిడ్డ తెలుగు. ముగ్గురం గట్ల పని పంచుకున్నం. నేను బర్రెతోని మొదలువెడ్తనంటే మున్షీ కొడుకు చెయ్యి అడ్డం పెట్టిండు.

"ముందు పేర్లు పడాలె. పేర్లు పడకుంటె ఇంక షురూ కాలేదనుకోని జనం మాట్లాడుకుంటనే ఉంటరు."

"ఎవరి పేర్లు?"

"అందరియి. పాడినోళ్లయి, రాసినోళ్లయి, దీపం పట్టినోళ్లయి గూడ."

కాయితాలు మున్షీసాబ్ ఇచ్చిండు. కచేరీల పాత సర్కారు ఫారాలు కట్టలు కట్టలు మూలకు పడ్డయట. ఒక దిక్కు ఉర్దూల అచ్చు, ఒక దిక్కు తెల్లగ. "తీస్కపోండ్రి, ఇగ వీటి అవసరం ఎవ్వలికున్నది," అని ఆయన కిటికిలకెల్లి బయటికి చూసుకుంట అన్నడు. అమ్మ జొన్నపిండి ఉడకవెట్టి బంక చేసిచ్చింది. దీపం మసిల తుమ్మబంక కలిపి నలుపు చేసినం. గోడలకు పూసే జాజుతోని ఎరుపు.

రాతపని పాస్టరయ్య ఇంటి అరుగు మీద జరిగింది. మున్షీ కొడుకు రాత ఎంత అందంగుంటదంటే, పాత సార్లు వాని పలక తీసి వేరే తరగతులకు చూపిస్తుండిరి. బొంగు కలం ఏటవాలుగ చెక్కి, ఒకే గీతల సన్నం లావు రెండు తెప్పిస్తడు. కాని వానికి తెలుగు అక్షరం ఒక్కటి తెల్వదు. తెలుగు తెలిసిన పిల్లకేమో పెద్దగ రాస్తే చెయ్యి వణుకుతది. అందుకని ఆమె సుద్దతోని సన్నగ గీసేది, వాడు దాని మీద కలం నడిపేటోడు. బర్రె అనేటి మాటకాడికొచ్చి ఆగిండు.

"కింద ఇంకో అక్షరమెందుకు పండుకున్నది?"

"పండుకోలే. అది వత్తు. రెండు ర లు కల్సి పలుకాలె."

"మరి పక్కపక్కన కూసోవచ్చు గద. జాగ మస్తున్నది."

లోపల బియ్యం ఏరుకుంట ఉన్న నాయనమ్మ చాట పక్కకు పెట్టి నవ్వింది. "అడుగు బిడ్డా, మంచిగడిగినవ్. నేను గూడ చిన్నప్పుడు గట్లనే అడిగితే మొట్టికాయ పెట్టిన్రు," అన్నది. వాని చేతిలకెల్లి వచ్చిన తలకట్లు పిట్ట రెక్కల తీరు లేచి నిలవడ్డయ్. గసుంటి తెలుగు రాత నేను ముందు చూడలే, ఎనక చూడలే.

మా సినిమా పేరు 'బర్రె చూసిన విమానం'. మూడు మాటలు మూడు కాయితాల మీద. వాటిని అంటవెట్టే పని మున్షీ కొడుకు ఇంటికి తీస్కపోయిండు. తెల్లారి కాయితాలు కామలకు చుట్టి, పెట్టెల బిగిచ్చి, సారు ముందర మొదటిసారి తిప్పినం. పెట్టెకు కోసిన కిటికిల 'విమానం' అని పడ్డది. ఎనకనే 'చూసిన'. ఆఖరికి 'బర్రె'.

వాడు ఉర్దూ అలవాటుల కుడి నుంచి ఎడమకు అంటవెట్టిండు.

నాకు కోపమొచ్చింది. వాడు మొఖం చిన్నగ చేసుకోని కాయితాలు ఊడదీయవోయిండు. పాస్టరయ్య బిడ్డ మాత్రం పెదవులు కదిలిచ్చుకుంట మళ్లొకసారి చదివింది. "విమానం చూసిన బర్రె," అని పైకి అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. సారు కుర్చీలకెల్లి లేచిండు. భుజాలు ఆగుతలేవు.

"ముట్టకుండ్రి! నా మాటినుండ్రి, గిదే ఉండనియ్యుండ్రి. అరె, కథ విమానందా, బర్రెదా?"

"బర్రెదే సార్," అన్న నేను.

"మరి గిదే కరెక్టు పేరు. మీరు తప్పు రాస్తే వీడు దిద్దిండు."

మున్షీ కొడుకు అప్పటికప్పుడు తలెత్తి, అంతా తెలిసే చేసినట్టు నిలవడ్డడు. అది చూసి నా కోపం గూడ పోయింది.

దీపం సంగతిల ఇంకో తిప్పలొచ్చింది. కిటికీలు మూసి పెట్టె ఎనక లాంతరు పెడితే, కాయితం ఎనక దిక్కున్న అచ్చు ముందరికి కనవడ్డది. మా బర్రె కడుపుల పాత సర్కారు మొహరు ముద్ర గుండ్రంగ మెరిసింది. సారు లాంతరు ఆర్పిచ్చి, బయట అద్దం పట్టి, తలుపుకెల్లి ఎండను ముందర దిక్కున పెట్టె మీద పడగొట్టుమన్నడు. అది మంచిగ కుదిరింది.

ఇగ మనుషుల పేర్లు మిగిలినయ్. అసలు కష్టం అక్కడొచ్చింది.

నా పేరు సినిమాల పడుతదని ఇంట్ల చెప్పిన. అమ్మ రొట్టె చేసేది ఆపింది. "కాయితం మీదనా? వద్దు."

మా చిన్నాయన కమ్యూనిస్టుల సంఘంల తిరిగెటోడు. పోలీస్ యాక్షన్‌కు ముందు రజాకార్ల చేతుల లిస్టుండె, దాంట్ల ఆయన పేరుండె. మిలిటరీ వచ్చినంక వాళ్ల చేతుల ఇంకో లిస్టు, దాంట్ల గూడ ఆయన పేరే. యాచారం దిక్కు క్యాంపుకెల్లి వచ్చి, వాకిట్ల నిలవడి, కాయితం చూసి పేరు పిలిచిన్రు. ఆయన ఇంట్ల లేడు. ఎక్కడున్నడో మాకు ఎరుక లేదు. 

"పేరు కాయితమెక్కితే మనిషి ఇంట్ల ఉండడు," అన్నది అమ్మ.

మున్షీ కొడుకు గూడ గసుంటి ముఖం పెట్టుకోనే బడికొచ్చిండు. వాళ్ల ఇంట్ల భయం ఇంకో తీరుది. పోలీస్ యాక్షన్ అయిన దినాలల్ల వాళ్లు తలుపులు పెట్టుకోని ఇంట్లనే ఉన్నరు. ఇప్పటికీ మున్షీసాబ్ పొద్దుగూకంగనే గొళ్లెం పెడుతుండె. "మన పేరు నలుగురి ముందర ఎందుకు బేటా, చప్పుడు లేకుండ ఉండు," అన్నడట.

సారు మా ఇంటికొచ్చి అమ్మకు నచ్చజెప్పజూసిండు. చల్ల తాగి, గిలాస కింద పెట్టి, "అక్కా, ఆ లిస్టు పట్టుకపోనీకి. ఇది మెచ్చుకోనీకి," అన్నడు.

"రెండూ కాయితాలే గద సారూ," అన్నది అమ్మ.

పాస్టరయ్య ఇంట్ల మాత్రం అడ్డం చెప్పలే. "మా పిల్ల పేరు బాప్తిస్మం నాడే గుడి బుక్కుల రాసిన్రు. ఏమన్న అయిందా? రాయుర్రి," అన్నది నాయనమ్మ. ఆఖరికి ఆ పిల్ల పేరు ఒక్కటే రాసినం. మున్షీ కొడుకు ఆ పేరు రాసేటప్పుడు కలం మూడుసార్లు చెక్కుకున్నడు.

సినిమా దినం బళ్లె ఇసుకపోస్తే రాలని జనం. పెద్ద సార్లు కుర్చీలల్ల, మేం చాపల మీద, ఊరోళ్లు గోడల పొంటి. కిటికీలు మూసినం. బయట ఒకడు అద్దం పట్టిండు. నేనొక కామ, మున్షీ కొడుకొక కామ. 'విమానం చూసిన బర్రె' పడంగనే నవ్వులు లేచినయ్, ఎందుకంటే అది ఏ బర్రెనో అందరికి ఎరుకే. ఎనక ఆ పిల్ల పేరు పడ్డది. ఆమె పెట్టె పక్కన నిలవడి తన పేరు తానే పైకి చదివింది. చదవరానోళ్లకు గూడ ఆ పేరు ఎవరిదో తెలిసి చప్పట్లు కొట్టిన్రు. నాయనమ్మ కొంగుతోని ముక్కు తుడుచుకున్నది. ఆ ఎనక బర్రె వచ్చింది, విమానం వచ్చింది, కవ్వం పట్టుకోని ఉరికే మనిషి వచ్చింది. పట్నం పెద్ద సారు ఒకాయన కండ్లద్దాలు తీసి తుడుచుకునేదాక నవ్విండు.

అంతా అయినంక అమ్మ జనాన్ని జరుపుకుంట నా తానికొచ్చింది.

"అన్ని బొమ్మలు నువ్వే గీస్తివి గద. నీ పేరేది?"

"నువ్వే వద్దంటివి గద."

"అవు, వద్దన్న. గిట్లుంటదని నాకేం తెల్సు?" అన్నది. ఆ ఎనక మెల్లగ, "బంక చేసింది నేను. బంక చేసినోళ్ల పేరు పడదా?"

అన్ని తరగతులు చూడలేదని సారు ఆ వారంల ఇంకోసారి ఆట పెట్టిండు. దానికి ముందు దినం మున్షీ కొడుకు ఒక ఫారం మడిచి జేబుల పెట్టుకోనొచ్చిండు. ఇప్పి చూస్తే వాని పేరు, నా పేరు పక్కపక్కన, ఉర్దూల. రాసింది మున్షీసాబే. "మా అబ్బా అన్నడు, కింద తెలుగుల గూడ రాయుమని," అన్నడు వాడు. ముందరి ఆట నాడు మున్షీసాబ్ ఎనక గోడకానుకోని నిలవడ్డడని, ఆఖరిదాక పోలేదని నాకు అప్పుడే తెలిసింది.

మా అమ్మ పేరు ఎక్కింది. ఆమె పేరెక్కుతున్నదని తెలిసినంక ఇగ ఆగలే. అద్దం పట్టినోడొచ్చిండు. చాయపత్తి పెట్టె ఇచ్చిన దుకానాయన వచ్చిండు. జొన్నచేను మాదే గద అని చేనాయన వచ్చిండు. చెర్వుల చాపలు పట్టే ఒక పెద్దమనిషి, ఆ దినం తాను నీళ్లల్ల మునిగి దాసుకున్నడని, సినిమాల తాను లేకున్నా పేరన్న ఉండాలెనని అడిగిండు. పాస్టరయ్య అరుగు మీద పిల్ల సుద్దతోని గీస్తుంటే, మున్షీ కొడుకు కలం నడుపుతుంటే, జనం చెప్పులు ఇడిసి వరుసల కూసున్నరు. తమ పేరు తడి ఆరేదాక చూసి, ఇదేనా నా పేరు అని అడిగి పోతుండిరి. కొందరికి తమ పేరును అక్షరాలల్ల చూసుకునుడు అదే మొదటిసారి.

అందరు పోయినంక అమ్మ అరుగు అంచుకు కూసున్నది. "ఇంకొకటి రాస్తరా?" అని చిన్నాయన పేరు చెప్పింది.

మున్షీ కొడుకు కలం ఎత్తి నా దిక్కు చూసిండు. సినిమాల చిన్నాయన చేసిన పని ఏమున్నదని నేనడగలే. అమ్మనే చెప్పింది. "ఆ బర్రెను అంగట్ల కొనుక్కొచ్చింది ఆయనే."

పాస్టరయ్య బిడ్డ సుద్ద తీసి గీసింది. వాడు అన్ని పేర్లకంటె నిమ్మలంగ రాసిండు. జాజుతోని చుట్టు గీత గూడ కొట్టిండు.

రెండో ఆట నాడు బర్రె రానీకి చాలా సేపు పట్టింది. సినిమాకంటె పేర్లే పొడుగైనయ్. పేరొక్కటి పడంగనే ఒక మూలకెల్లి "నాదే!" అని అరుపు. చిన్నాయన పేరు చదివినప్పుడు ఎవ్వరు అరవలే. కాని ఎవరో ఒక్కలు చప్పట్లు మొదలువెట్టిన్రు, తర్వాత అందరు కొట్టిన్రు. ఆ ఎనక చిన్నాయన పట్టువడ్డడు, చాన దినాలకు జైలుకెల్లి ఇంటికొచ్చిండు. ఈ సంగతి చెప్తే, "ఆ లిస్టు చూసి ఎవ్వల్నన్న పట్టుకపోయిన్రా?" అని నవ్విండు.

జనం మళ్ల అడిగితే పెట్టిన మూడో ఆట మధ్యల బంక ఎండి కాయితం పటుక్కున తెగింది. తెగింది సరిగ్గ బర్రె మొదలయ్యే కాడ. నేను, మున్షీ కొడుకు ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. సారు లేచి, ఆట అయిపోయింది, సినిమా రేపు చూపిస్తమని చెప్పిండు. అందరు పేర్లు చూసిన్రు, లేచి అంగీలు దులుపుకున్నరు, మంచిగున్నదనుకుంట ఇండ్లకు పోయిన్రు.