నడిపి రేసులో మనోడు పడ్డాడు

మా చిన్నప్పుడు... దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్న బిల్డింగులో ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు వాసన, బైకుల రొద రెండూ కలిసే వచ్చేవి. పప్పుచారు మా అమ్మది. రొద కింది పోర్షన్ ఆంటీ వాళ్ళ టీవీది. ఆ టీవీ ముందు కూర్చున్న పిచ్చి మాత్రం మా అన్నది.

ఆంటీ వాళ్ళది భీమవరం వైపు. స్పోర్ట్స్ చానల్ మొత్తం బిల్డింగులో వాళ్ళకొక్కరికే వచ్చేది మరి.

ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఉన్న ఆదివారం మూడు రేసులు... చిన్న బైకులవి, మధ్యవి, పెద్దవి. మా ఇంట్లో వాటి పేర్లు చిన్న రేసు, నడిపి రేసు, పెద్ద రేసు. మాలో నడిపి అంటే నడుమ పుట్టినవాళ్ళు. పెద్దన్నకూ నాకూ మధ్య పుట్టినందుకు మా అన్న అందరికీ నడిపోడే. అసలు పేరు రేషన్ కార్డులో ఉండేది, అంతే. లోకమంతా పెద్ద రేసు కోసం ఎదురుచూస్తుంటే మా అన్నకు మాత్రం నడిపి రేసే కావాలి. ఎందుకన్నా అంటే, "నడిపోళ్ళను నడిపోళ్ళే చూస్కోవాలె" అనేవాడు.

నిజం చెప్పొద్దూ, ఆ రేసే బాగుండేది. అందరి బళ్ళకూ ఒకే రకం ఇంజను... ఎవడూ ఎవడినీ వదిలించుకోలేడు. మలుపు వచ్చిందంటే ఎల్బీనగర్ బస్సు డోరు దగ్గర జనంలా ఎగబడేవాళ్ళు. ఆ ఏడాది అన్న ఒక పచ్చ హెల్మెట్ రేసరుకు అభిమానైపోయాడు. పేరు మాకు నోరు తిరగక 'మనోడు' అని పెట్టుకున్నాం. ఎండాకాలంలో ఎక్కడో వెనకున్న మనోడు వానలు పడేసరికి పాయింట్లలో ముందుకొచ్చాడు! ఆ రోజు ఆంటీ అందరికీ పూతరేకులు పంచింది. ఆమెకు రేసు అర్థమయ్యేది కాదు, అన్న గంతులు అర్థమయ్యేవి.

అప్పుడే ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మెలు మొదలయ్యాయి. నాన్న ఆఫీసు కూడా సమ్మెలోకి పోయింది. ఒక సాయంత్రం గేటు దగ్గర నాన్నకూ కింది అంకుల్‌కూ రాష్ట్రం గురించి మాటామాటా పెరిగింది. ఏమనుకున్నారో నాకు తెలియదు... ఆ తర్వాత మెట్ల మీద ఎదురుపడితే ఇద్దరూ తమ చెప్పులవైపు చూసుకుంటూ పోయేవాళ్ళు. అమ్మా ఆంటీ కూడా మాటలు మానేశారు. కూర గిన్నెలు పైకీ కిందికీ తిరగడం ఆగిపోయింది. కిందికి పోవద్దని నాన్న గట్టిగా చెప్పాడు. దాంతో అన్న రేసు చూడ్డానికి నాగోల్‌లో దోస్తు ఇంటికి పోవడం మొదలుపెట్టాడు.

ఆంటీ వాళ్ళు తుర్కయంజాల్ వైపు ఇల్లు చూస్తున్నారని కూడా అన్నారెవరో. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. ఆంటీ లేని ఇల్లు నేను ఊహించుకోలేకపోయాను.

సీజన్ చివరికొచ్చింది. ఆ ఆదివారం మెయిన్ రోడ్డు మీద రాస్తారోకో. అన్న పొద్దున్నే సందుల్లోంచి బైకు మీద నాగోల్ పోయాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. నేను మెట్ల మీదికొచ్చి, డాబా మీద బట్టలు ఆరేస్తున్న అమ్మకు వినబడేలా అరిచాను.

"అమ్మా... నడిపి రేసుల మనోడు పడ్డడే. దవాఖానకు తీస్కపోయిన్రంట."

అమ్మ "అయ్యో పాపం" అని ఇంకో చీర దులిపింది. కాసేపటికి కింది ఆంటీ చెప్పుల్లేకుండా, చేతులకు శనగపిండితో మెట్లెక్కి వచ్చింది. అన్ని నెలల తర్వాత మా గడప తొక్కడం అదే.

"ఏ ఆస్పత్రి వదినగారూ? మా ఆయన అప్పుడే స్కూటరేసుకుని ఎల్బీనగర్ వైపు వెతకడానికి వెళ్ళారు."

అమ్మకేమీ అర్థం కాలేదు. ఇంతలో అన్న బైకు లోపలికి వచ్చింది. ఆంటీ అన్నను పట్టుకుని చేతులూ కాళ్ళూ తడిమి చూసింది. చొక్కా అంతా పిండి. నేను కాదు ఆంటీ, నడిపి రేసు అని అన్న చెబుతుంటే ఆమె ఏడుస్తూనే కోప్పడింది. "అదే కదా బాబూ, ఆ రేసులు నడిపి నడిపి ఇంత మీదికి తెచ్చుకుంటావనే నా భయం!"

మా నడిపి ఒకటి... ఆమె నడిపి ఒకటి. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అంకుల్ ఫోన్ టీవీ మీదే ఉంది. బయట టైర్లు కాలుతున్నాయి. నోరు విప్పితే ఏ జిల్లా మనిషో తెలిసిపోయే పెద్దాయన ఒక్కడే ఆ రోడ్ల మీద... లోపలి గదిలోంచి నాన్న చొక్కా తొడుక్కుంటూ వచ్చి, అన్న బండెక్కి వెళ్ళిపోయాడు. ఆంటీ మా గడప మీదే కూలబడింది. అమ్మ ఆమె పక్కనే కూర్చుంది. ఇద్దరూ గేటువైపే చూశారు.

పొద్దు వాలుతుండగా రెండు బళ్ళూ వచ్చాయి. కొత్తపేట దగ్గర నాన్నకు అంకుల్ కనబడ్డాడట. అంకుల్ మంచినీళ్ళు తాగి నెమ్మదిగా చెప్పాడు... జెండాల కుర్రాళ్ళు ఆపి ఎక్కడికని అడిగారట.

"మా నడిపోడు పడ్డాడు బాబూ, అన్నాను. అంతే, రాళ్ళు తీసి దారిచ్చారు. ఒకబ్బాయైతే వెనకెక్కి దవాఖానలన్నీ తిప్పాడు."

నాన్న ఆయన చేతిలోంచి ఖాళీ గ్లాసు అందుకున్నాడు. తర్వాత అన్నాడు. "మా నడిపోడు కాదు సార్... మన నడిపోడు అనుండ్రి."

నాకు ఎంత తేలికైందో చెప్పలేను. నేనైతే ఏడ్చేశాను కూడా. ఆ సాయంత్రం, మధ్యలో ఆగిపోయిన బజ్జీలు మళ్ళీ వేసి, గిన్నె నిండా పైకి పంపింది ఆంటీ.

చివరి రేసు అందరం కిందే చూశాం. నాన్న కూడా సోఫా అంచున కూర్చున్నాడు. మనోడు చేతికి కట్టుతో బయట నిలబడ్డాడు, కప్పు వేరేవాళ్ళు పట్టుకుపోయారు. అన్న మొహం మాడ్చుకున్నాడు. మిగతా వాళ్ళకు ఆ రోజు ఎవరు గెలిచినా ఒకటే. ఆంటీ వాళ్ళు ఇల్లు మారనేలేదు.

ఇప్పుడు ఆ రోడ్డు మీదుగా మెట్రో పోతోంది... రేసులు ఎవరి ఫోన్‌లో వాళ్ళు చూసుకుంటున్నారు. ఇంటికి ఒకరో ఇద్దరో పిల్లలు. పెద్దోడున్నాడు, చిన్నోడున్నాడు... మధ్యలో నడిపోడే లేడు. ఆ మాట ఇప్పుడు ఆంటీ ఫోన్ చేసినప్పుడే వింటున్నాను. "మన నడిపోడు బండి మెల్లగానే నడుపుతున్నాడా" అని అడుగుతుంది.

మీ ఇంట్లో నడిపోళ్ళు ఉన్నారా? వాళ్ళు పడ్డారంటే చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చే పక్కింటివాళ్ళు ఉండేవాళ్ళా? చెప్పండి... వినాలనుంది.