ఇత్తడి బొత్తాల కోటుతో కొండకు

నాకు సంతకం వరకే వచ్చు. ఇది నేను చెబుతుంటే మా ఊరి బడి అయ్యవారు రాస్తున్నది. అక్కడక్కడా నా మాట తీసి మర్యాదైన మాట పెట్టబోతే వద్దన్నాను. చలికాలంలో కొండకు పోదామనుకునే ఆడవాళ్ళకు, అందులోనూ నాలాగా మొగుడు పోయినవాళ్ళకు ఇది పనికిరావాలని చెబుతున్నాను.

యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం. ధనుర్మాసంలో మనవడికి కొండమీద పుట్టువెంట్రుకలు తీయిస్తున్నామని తిరుపతి నుంచి నా కూతురు పార్వతి కబురు పెట్టింది. ఆ పిల్లవాణ్ణి ఏడాది నిండేదాకా పెంచింది నేను. కాన్పు తర్వాత పార్వతి మంచం పట్టి లేవలేకపోతే, మేకపాలు పట్టి, ఆముదం రాసి, ఆ తలమీద అంత జుట్టు రప్పించింది ఈ చేతులే. ఆ జుట్టు దిగేటప్పుడు నేను పక్కన ఉండాలి. నాకున్న కోరిక అదొక్కటే.

దానికి రెండు అడ్డంకులు. ఒకటి నా రొమ్ము. పోయిన చలికాలం నెమ్ము చేసి చావు తప్పింది. చిత్తూరు డాక్టరును అడిగితే, "ఉన్నికోటు లేకుండా కొండెక్కినావంటే దిగేది నువ్వు కాదు, నీ కబురు" అన్నాడు. రెండోది మా వియ్యంకుడు. తాలూకా కచేరీలో గుమాస్తాగా చేసి పింఛను పుచ్చుకున్న మనిషి. శకునం చూడకుండా పెరట్లోకి కూడా పోడు. విధవను కాబట్టి శుభకార్యానికి బయలుదేరేటప్పుడు నేను ఎదురు రాకూడదు. కార్యం జరిగేచోట ముందు నిలబడకూడదు.

కోటెందుకు, కంబళి లేదా అంటారేమో. కిందటేడు ఆ కంబళి కప్పుకునే వాళ్ళింటికి పోయాను. పక్కింటామె తొంగిచూసి, "వంటమనిషి కుదిరిందా వదినా? నెమ్మదైనదేనా?" అని మా వియ్యపురాలిని అడిగింది. వియ్యపురాలు కాదనలేదు, నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు నాకు నెమ్ముకంటే లోతుగా దిగింది. అందుకే కోటు వెచ్చగా ఉంటే చాలదు, చూసినవాళ్ళు సర్దుకుని కూర్చునేటట్టు కూడా ఉండాలి అనుకున్నాను.

తెల్లవారి మా ఊరి నుంచి చిత్తూరుకు బొగ్గుబస్సు. ఎక్కేటప్పుడు తెల్లచీర, దిగేటప్పుడు బూడిదరంగు చీర. ఎనిమిదింటికంతా బజారులో దిగి దర్జీల అంగళ్ళ వెంట పడ్డాను. చిత్తూరు కోర్టుల ఊరు. ఏ అంగట్లో చూసినా వకీళ్ళ నల్లకోట్లే వేలాడుతున్నాయి. ఒకటి పట్టి చూస్తే ఉల్లిపొర మాదిరి ఉంది.

"ఇది లోపల గాలి ఆడతాదిమ్మా," అన్నాడు దర్జీ.

"గాలి ఆడేదానికి కోటు ఎందుకప్పా? నా చీర చాలదా?"

రెండో అంగట్లో మెత్తటి మకమల్ కోటు తీశాడు. జరీ పువ్వులు, గాజు బొత్తాలు. అది పెళ్ళికొడుకు కోటు. నన్ను కింద నుంచి పైకి ఒకసారి చూసి మళ్ళీ మడిచిపెట్టేశాడు. మూడో అంగట్లో ముసలి దర్జీ నిజం చెప్పాడు. "వెచ్చగా ఉండేది సూడను బాగుండదు. సూడను బాగుండేది వెచ్చగా ఉండదు. రెండూ కావాలంటే దొరసానిగా పుట్టుండాల. అంతగా కావాలంటే తిరుపతి స్టేషను కాడికి పో. పటాలం కోట్లు కుప్పలు పోసి అమ్ముతా ఉండారంట."

పది గంటల రైలు పదకొండుకు వచ్చింది. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. పాకాలలో బండి చాలాసేపు నిలబడితే నిమ్మకాయ పులిహోర మూట విప్పాను. ఎదురుగా ఒక బెల్లం వ్యాపారి. ఎందుకు పోతున్నావని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పెట్టెలో అందరికీ వినబడేలా నవ్వాడు.

"తిరుపతికి జనం ఉండేది వదిలేసి రాను పోతారు. నువ్వు తొడుక్కోను పోతా ఉండావా?"

"నా దగ్గర వదిలేదానికి ఏముండాదప్పా? మా ఆయన్ను ఎప్పుడో వదిలేసినా," అన్నాను. వ్యాపారి నా పులిహోర వంక చూడ్డం మానేసి చంద్రగిరి కోట కనబడేదాకా దారిలో చెట్లు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

తిరుపతిలో దిగేసరికి ఎండ వాలుతోంది. స్టేషను బయట గోడవారగా పట్టాలు పరిచి కోట్లు పోశాడు ఒక సాయబు. మనిషి మంచివాడు, అబద్ధాలు మాత్రం ఆగకుండా చెబుతాడు. ప్రతి కోటూ ఒక కర్నలుదే, ఒక్కటీ సిపాయిది కాదు. మీరు పోతే ఆయన మాట వినవద్దు, ముందు వాసన చూడండి. తర్వాత చేతులు రెండూ ఒకే పొడవు ఉన్నాయో లేదో చూడండి. వెలుగుకు ఎత్తిపట్టి చిల్లులు చూడండి. నేను ఎత్తిపట్టిన మొదటిదాంట్లో వేలు దూరే చిల్లు కనబడింది.

"ఇది చిమ్మట కొట్టిందా, తుపాకీ కొట్టిందా?"

"చిమ్మటేనమ్మా, దేవుని తోడు. తుపాకీ అయితే వీపులో కూడా ఉంటాది గదా!"

అడుగున దొరికింది నాది. ముదురు నీలం, మందమైన ఉన్ని, నడుముకు పట్టీ, వెడల్పు కాలరు, రెండు వరసల ఇత్తడి బొత్తాలు. తొడిగితే మోకాళ్ళ కిందికి దిగింది, చీరకుచ్చిళ్ళు నాలుగువేళ్ళు కనబడుతున్నాయి. భుజాలు నావి కావు, ఎవడో ఆజానుబాహుడివి. అయినా తొడిగిన నిమిషంలో వీపున వెచ్చదనం పాకింది. సాయబు పగిలిన అద్దం ఎత్తి చూపించాడు. అందులో ఉన్నామె ఎవరినైనా లేవమంటే లేస్తారు అనిపించింది.

"బొత్తాలు తీసి నల్లవి కుట్టించేదా అమ్మా? నీకు తగినట్టు ఉంటాది."

"బొత్తాల మీద చెయ్యి వేసినావంటే కోటు వద్దు."

ధర చెప్పను. చెబితే మీరు బేరమాడడం మానేస్తారు.

కూతురింటికి చేరేసరికి దీపాలు పెట్టారు. మనవడు పరుగెత్తుకొచ్చి ముందు బొత్తాలు పట్టుకున్నాడు, తర్వాత నన్ను గుర్తుపట్టాడు. వియ్యపురాలు గుడ్డను రెండు వేళ్ళతో పట్టి చూసి, "మగోళ్ళది గదా వదినా!" అంది. వియ్యంకుడు పంచాంగం ముందేసుకుని గదిలోనే ఉన్నాడు, బయటికి రాలేదు. అన్నాలైన తర్వాత వియ్యపురాలు పక్కన కూర్చుని మెల్లగా మొదలుపెట్టింది.

"పొద్దున మేము కదిలేటప్పుడు నువ్వు ఎదురుగా ఉంటే ఆయన మనసులో పెట్టుకుంటాడు. నువ్వు ముందుగానే ఎనకసందులో బస్సుల కాడికి పో వదినా. కొండమీద కూడా గుండు అయ్యేదాకా సత్రంలో కూసుంటే సరిపోతాది. చలి గదా, నీ మంచికే."

పార్వతి నాకు పక్క వేస్తూ, "ఏమీ అనుకోవాకమ్మా," అంది. దాని కళ్ళు తడిగా ఉన్నాయి. కొండదాకా పోయి సత్రం గోడ చూసి రావడానికి కోటు దండగ.

తెల్లవారుజామున వీధంతా మంచు. కోటు తొడిగి, అన్ని బొత్తాలూ పెట్టి, వెనకసందులోకి దిగాను. అక్కడ మూడు కుక్కలు. వాటికి విధవను చూసిన అలవాటుంది, కోటును చూసిన అలవాటు లేదు. ఒకటి కాలరు వంక ఎగిరింది. నేను పెద్ద అంగలు వేస్తూ పక్కసందులోకి తిరిగి, అక్కడి నుంచి ఏది దారో తెలియక బయటపడితే, అది మా వియ్యంకుడి వీధే. వాళ్ళింటికి ఎదురుగా నడిచి వస్తున్నాను.

వియ్యంకుడు గడపలో నిలబడి శకునం చూస్తున్నాడు. వెనక పిల్లవాణ్ణి ఎత్తుకుని పార్వతి, దాని మొగుడు, పళ్ళెం పట్టుకుని వియ్యపురాలు. మంచులో నా ముఖం కనబడదు, బొత్తాలు మెరుస్తున్నాయి.

"ఒసే, సర్కిలినస్పెట్రు వస్తా ఉండాడు!" అని అరిచాడు. "దొరతనం ఎదురొస్తే ఇంక అడ్డమేముండాది? కుడికాలు పెట్టండి, కదలండి కదలండి!"

అందరూ కుడికాలు పెట్టి వీధిలోకి దిగారు. వియ్యంకుడు నాలుగడుగులు ముందుకొచ్చి, నడుం వంచి, "దండాలు దొరా," అన్నాడు.

"దండాలన్నా," అన్నాను.

ఆయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పళ్ళెంలో కొబ్బరికాయ ఒకటి దొర్లింది. వియ్యపురాలు, "అయ్యో, లోపలికి పదండి, కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి, కొంచేపు కూసుని మళ్ళా బయల్దేరదాం," అని తొందరపెట్టింది. అల్లుడు నోరు విప్పి, "మళ్ళా కూసుంటే బస్సు పోతాది నాయనా, ముహూర్తమూ పోతాది," అన్నాడు.

వియ్యంకుడు లేచి నిలబడి చాలా ఆలోచించాడు. కచేరీలో ఎన్నో తగాదాలు చూసినవాడు. చివరికి తీర్పు చెప్పాడు.

"నేను ముందు సూసింది కోటును. శకునం అంటే ముందు కనబడిందే. లోపల ఎవరుండారో తర్వాత తెలిసింది, అది లెక్కలోకి రాదు. ఎదురొచ్చింది కోటు. నడవండి." రెండడుగులు వేసి మళ్ళీ నా వైపు తిరిగి, "సెల్లెమ్మా, ఆ పైబొత్తాం కూడా పెట్టుకో," అన్నాడు.

ఈ కొండబస్సు కొత్తది. రోడ్డు వేసి ఎంతోకాలం కాలేదు, అందుకే జనం తోసుకుంటారు. ఆ తోపులో వియ్యపురాలు నా చెయ్యి పట్టి, "నువ్వు ముందు నడువు వదినా," అంది. ఇరవై ఏళ్ళుగా అందరి వెనక నడిచిన మనిషిని నేను. ముందు నడిస్తే జనం రెండుగా విడిపోతారని అప్పుడే తెలిసింది. కండక్టరు డ్రైవరు పక్క సీటు తుడిచి చూపించాడు. మా వియ్యంకుడు వెనక సీట్లో కూర్చుని మలుపు మలుపుకూ కక్కుకున్నాడు. మీరు పోయేటప్పుడు కడుపు నిండా తినవద్దు, ఉప్పేసిన నిమ్మచెక్క దగ్గర పెట్టుకోండి.

కొండమీద చలి పళ్ళు కొరికిస్తుంది. నన్ను మాత్రం తాకలేదు. క్షౌరం చేసేచోట కూర్చోవడానికి మేనమామ ఒడి కావాలి. నాకు కొడుకులు లేరు. అందుకని వరస కలిపి ఒక మిఠాయి అంగడివాణ్ణి అరువు మేనమామగా తీసుకొచ్చారు. పిల్లవాడు వాడి బొజ్జ మీద రెండు కాళ్ళతో తన్ని, గుక్కపట్టి ఏడ్చాడు. తల ఒకచోట నిలవదు. మంగలి తలమీద నీళ్ళు చల్లి, కత్తి ఎత్తి, మళ్ళీ దించాడు. నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. సత్రానికి పొమ్మని ఎవరూ అనకముందే పిల్లవాడు నా బొత్తాల వైపు చేతులు చాచాడు.

"కదిలితే తెగతాది సామీ," అన్నాడు మంగలి వియ్యంకుడితో. "ఆ కోటామె ఒళ్ళో కూసోబెట్టండి. ఎనక ఇంకా ఎంతమంది ఉండారో సూడండి."

వియ్యపురాలు మొగుడి ముఖం చూసింది. నేను ఎవరి ముఖమూ చూడలేదు, పిల్లవాణ్ణే చూశాను.

"ఇందాక ఇనస్పెట్రు అయిన కోటు," అన్నాడు వియ్యంకుడు, "ఇప్పుడు మేనమామ కాకుండా పోతాదా? కూసో సెల్లెమ్మా. కోటు మాత్రం తీయవాకు."

కూర్చున్నాను. పిల్లవాడు రెండు చేతులతో చెరొక బొత్తాం పట్టుకుని నోరు మూశాడు. వాడి గడ్డం కింద నా చెయ్యి పెట్టాను. నేను ఆముదం రాసిన చోటల్లా కత్తి నడిచింది. జుట్టు కోటు మీద, నా చేతుల మీద పడింది. ఎంత మెత్తగా ఉందో చెబితే అయ్యవారు రాయలేరు. పని అయ్యాక ఆ తల మీద చందనం పూసింది కూడా నేనే.

పక్కన గుండు చేయించుకుంటున్న ఒకామె వియ్యపురాలిని, "ఆమె ఎవురమ్మా?" అని అడిగింది. "కోటు మాదే," అంది వియ్యపురాలు.

మరుసటి దినం మధ్యాహ్నం రైలుకు తిరుగు ప్రయాణం. కింద ఎండ కాస్తోంది, పెట్టె ఉడికిపోతోంది. మొత్తంమీద నాకు తోచింది చెబుతాను. ఈ సీమలో కోటుకు చలి ఏడాదికి నాలుగు తెల్లవారుజాములు ఉంటుంది. మిగతా కాలమంతా కోటు పని వేరే. ఆ పనికి మందం కంటే బొత్తాలు ముఖ్యం. కొనేవాళ్ళు బొత్తాలు చూసి కొనండి.

చంద్రగిరి దాటాక చెమట ఆగక కోటు విప్పి పక్క చోటులో పరిచాను. తెల్లచీర బయటపడింది, దాంతో బోడి నుదురూ కంటబడింది. పాకాలలో పసుపు కుంకుమల పళ్ళెంతో నిశ్చితార్థానికి పోతున్నామె ఎక్కి ఎదురుగా కూర్చుంది, నన్ను చూసి పళ్ళెం మీద కొంగు కప్పి కిటికీ వైపు తిరిగింది. ఆమె వెనకే జనం ఎక్కారు. నిలబడడానికి చోటు లేదు. అయినా కోటు ఉన్న చోట ఒక్కరూ కూర్చోలేదు. ఎవరో దొర అలా దిగాడు, ఇలా వస్తాడు అనుకున్నారు. ఒక ముసలాయన కోటు అంచు తన మూటకు తగలకుండా సర్ది మరీ నిలబడ్డాడు. నేను కాళ్ళు చాపి చిత్తూరు దాకా హాయిగా వచ్చాను.

బండి ఆగుతుంటే పళ్ళెమామె ఇంక ఉండబట్టలేక అడిగింది. "కోటాయన యాడమ్మా? ఇంతసేపైనా రాలేదే!"

"ఈడనే ఉండాడు," అని చేతులు దూర్చి, బొత్తాలు పెట్టుకుని, ఆమె ఎదురుగానే నడిచి దిగాను.