తెల్ల చొక్కాతో మందమర్రికి

ఆదివారం పదకొండింటికి గోదావరిఖనిలో ఆటో ఎక్కాను. రామగుండం స్టేషనుకు పది రూపాయలు. మందమర్రి క్రైస్తవ సంఘం నుంచి కబురు వచ్చింది. ప్రభువు రొట్టె పంచే బల్లారాధనకు ఏసుదాసు అనే అతను బొగ్గు చేతులతోనే వస్తున్నాడట. అతనికి రొట్టె ఇవ్వాలో వద్దో నన్ను తేల్చమన్నారు. నేను బొగ్గుబావిలో టబ్బులు, అంటే బొగ్గు తోసే ఇనుప బండ్లు, నింపి రిటైరైన వాణ్ని. బైబిలు చదవాలని యాభై దాటాక అక్షరాలు దిద్దాను, తర్వాత సంఘ పెద్దనయ్యాను. ఇవ్వకూడదని ఇంటి దగ్గరే తేల్చేసుకుని బయల్దేరాను.

ప్యాసింజరు ఒంటిగంటకు గాని రాలేదు. టికెట్టు ఏడు రూపాయలు. తెల్ల చొక్కా, తెల్ల పంచె మాసిపోతాయని సీటు మీద పేపరు పరిచి కూర్చున్నాను. ఎదురుగా పల్లికాయల గంపతో ఉన్నావిడ అడిగింది.

"ఏం పని చేసేటోనివి తాతా?"

"బొగ్గుబావిల."

"మరి గింత దుమ్ముకే గట్ల భయపడ్తవేంది!"

పెట్టెలో అందరూ నవ్వారు. రెండు రూపాయల పల్లికాయ కొని, నోరు మూసుకుని తిన్నాను.

రెండింటికి మందమర్రిలో దిగాను. సంఘ కార్యదర్శి దానియేలు ఎదురొచ్చాడు. సబ్బు వాసన, ఇస్త్రీ చొక్కా. సంఘమంటే ఇట్లా ఉండాలె అనుకున్నాను. వాళ్లింట్లో కోడికూర అన్నం పెట్టి, తనదీ ఏసుదాసుదీ ఒకే బావి, ఒకే షిఫ్టని చెప్పి, మూడున్నరకు మందిరానికి తీసుకెళ్లాడు.

రెండో పాట నడుస్తుండగా ఒకతను ఉరుక్కుంటూ వచ్చి చెప్పుల దగ్గర కూర్చున్నాడు. మొఖం తువ్వాలతో తుడుచుకున్నాడు గాని, కనురెప్పలకు కాటుకలా బొగ్గు. "వీడే కాకా, ఏసుదాసు," అన్నాడు దానియేలు. ఇద్దరినీ అరుగు మీదికి పిలిచాను.

"కడుక్కోకుండ ప్రభువు బల్ల కాడికి ఎట్లొస్తివి తమ్మీ?"

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మూడింటికి షిఫ్టు దిగిన కాకా. తానానికి పోతే రొట్టె అయిపోతది."

"దానియేలన్నది గూడ గదే షిఫ్టట. ఆయన రాలేదా మంచిగ తయారై?"

మూడింటికి షిఫ్టు దిగేవాడు రెండింటికే నాకెట్లా ఎదురొచ్చాడని తట్టనేలేదు. ఏసుదాసు నసిగాడు. "అన్న పొద్దుగాల హాజరేయించుకోని ఇంటికి పోయిండు. ఆయన టబ్బు గూడ నేనే నింపిన. ఆదివారం గట్లనే నడుస్తది."

దానియేలు మొఖంలో సిగ్గన్నది లేదు. "గరమెందుకు కాకా? నీ సాక్ష్యం విన్నంకనే గిది నేర్చుకున్న. ముప్పై ఏండ్లు ఆదివారం డ్యూటీ తప్పలే, మందిరం తప్పలే అన్లేదా నువ్వు?"

అరుగు అంచున కూర్చున్నాను. ఆ సాక్ష్యం ఎన్ని మందిరాల్లో చెప్పానో! అంతా దేవుని కృప అని ఏడ్చాను కూడా. హాజరు పడగానే ఇంటికి పోయి తానం చేసి, తెల్లబట్టలు వేసుకునేవాణ్ని. నా టబ్బు మా జోడీ మల్లయ్య నింపేవాడు. "పోవయ్యా, దేవుని పనే గదా" అనేవాడు. నేను పైన పరిశుద్ధత పాటలు పాడుతుంటే, అతను కింద నా బొగ్గు ఎత్తాడు. అది పాపమని ముప్పై ఏళ్లలో ఒక్కసారన్నా తోచలేదు.

లోపలి నుంచి పాస్టరుగారు, "ఏమంటారు పెద్దాయనా?" అన్నారు. లేచి లోపలికి వెళ్లాను.

"ఏసుదాసుకు ఇయ్యుండ్రి. నాకు వద్దు."

ఎందుకో కూడా చెప్పాను. దానియేలు తల వంచుకున్నాడు. ఏసుదాసు రొట్టె అందుకుంటే దాని మీద వేలిముద్ర నల్లగా పడింది. అట్లాగే తిన్నాడు.

మందమర్రికి పోయేవాళ్లకు చెబుతున్నాను, తిరుగు బండి ఆరింటికి. పేపరు పరవడం కూడా మరిచి కూర్చున్నాను. మల్లయ్య నల్లబడితేనే నా చొక్కా ఇన్నేళ్లు తెల్లగా ఉంది. గోదావరి దాటేదాకా ఇదే ఆలోచన.

రామగుండంలో ఆటో ఎక్కాను గాని గోదావరిఖనిలో దిగలేదు. సెంటినరీ కాలనీకి పోనిమ్మన్నాను. మల్లయ్య అక్కడే కొడుకు క్వార్టర్లో ఉంటాడు. వాకిట్లో మంచం మీద కూర్చున్నవాడు నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఏందయ్యా అబ్రహాం, ఆదివారం పూట గిట్లొచ్చినవ్? ఇయ్యాల మందిరం లేదా?"