ఆది జాకెట్

బీరువా అడుగు అరలో చేయి పెట్టగానే డాంబరు గోలీల వాసన ముక్కుకు కొట్టింది. దాని వెనకే ఇంకో వాసన కూడా, పాత పట్టుబట్టదీ, ఎప్పుడో రాసుకున్న పౌడరుదీ కలిసినది. మా అమ్మాయి కాలేజీలో మహిళా సాధికారత మీద సభ పెట్టారట, ఆడపిల్లలందరూ తప్పకుండా చీరల్లో రావాలని నోటీసు వేశారట. "సాధికారతకు డ్రెస్ కోడ్ అంట మమ్మీ, నవ్వొస్తలేదా నీకు?" అంటూ ఇరవై ఏళ్ళ మా అమ్మాయి మోకాళ్ళ పైకి ఉన్న నిక్కరూ చేతుల్లేని బనియనూ వేసుకొని మంచం మీద కాళ్ళు ఊపుతోంది. నవ్వొచ్చిన మాట నిజమే కానీ, దానికంటే ముందు కుళ్ళొచ్చింది. కన్న కూతురి మీద కుళ్ళేమిటని అడక్కండి, నాకది చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. దాని చీర కిందికి పనికొచ్చే జాకెట్ ఏమన్నా ఉందేమోనని వెతుకుతుంటే, నా స్కూలు రుమాలులో కట్టిన ఆ చిన్న మూట చేతికి తగిలింది. విప్పకుండానే లోపల ఏముందో నాకు తెలుసు.

ఇప్పటి పిల్లలకు ఆది జాకెట్ అంటే ఏమిటో చెప్పాలి. మా చిన్నప్పుడు జహీరాబాదులో మగ టేలర్లే ఎక్కువ, ఏ ఇంటి ఆడమనిషీ టేలరు ముందు నిలబడి కొలతలు ఇచ్చేది కాదు. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్ ఒకటి పక్కన పెట్టుకొని, కొత్త గుడ్డతో పాటు దాన్నీ చిన్న మూట కట్టి పిల్లల చేత పంపించేవారు. ఆ పాతదే ఆది. మెడ ఎంత, చేతులెంత, వీపు ఎంత దిగాలి, అన్నీ టేలరు దాని మీదే చూసుకునేవాడు. బజారులో మాకు కుట్టే ముసలాయనను అందరూ మాస్టర్ సాబ్ అనేవారు. మెడలో టేపు వేలాడుతూనే ఉండేది కానీ ఏ ఆడమనిషికీ అది తగిలిన పాపాన పోలేదు. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ కొలతలు ఆయనకు తెలుసు, ఒక్కరి మొహమూ తెలియదు అని మా అమ్మ నవ్వుతూ గొప్పగా చెప్పేది. మా ఇంటి మూట మోసే పని నాది.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా అమ్మ చెల్లెలు లలిత, మా చిన్నమ్మ, డిగ్రీ చదవడానికి రాయికోడ్ నుంచి మా ఇంటికి వచ్చి ఉంది. ఇరవై ఏళ్ళుంటాయి. చామనఛాయ మనిషి, పొడవాటి జడ, ఆ జడ పక్కకు జరిగితే కనబడే నున్నటి వీపు. ఆమె జాకెట్లన్నీ వెనక నాలుగు వేళ్ళ లోతు ఎక్కువ దిగి ఉండేవి. వాటిలో నెమలికంఠం రంగుదానికి వెనక దారాలు కూడా ఉండేవి, వాటి చివర చిన్న కుచ్చులు. కాలేజీకి పోయే ముందు తలుపు మీది అద్దానికి వీపు తిప్పి నిలబడి, చేతి అద్దం మొహం ముందు పెట్టుకొని, రెండద్దాల మధ్య తన వీపు తానే చూసుకునేది. ఆడది తన ఒంటిని చూసుకొని మెచ్చుకోవడం అంతకుముందు నేనెక్కడా చూడలేదు. మా ఇంట్లో అద్దమంటే బొట్టు వంకర పోయిందేమో చూసుకోవడానికే.

"ఎవరన్న చూస్తె ఎట్ల చిన్నమ్మా?" అని అడిగానొకసారి.

"చూస్తె చూడనీ. వీపుకు కండ్లున్నయా ఏందే, సిగ్గుపడనీకె?" అంది, కుచ్చులు సర్దుకుంటూ.

ఆ జవాబుకు నవ్వాలో ఏడవాలో తెలియక ఆ రోజంతా లోపల్లోపల ఉడికిపోయాను. ఆమె నడుస్తుంటే బజారు తల తిప్పుకొని చూసేది, ఆమెకది తెలుసు, తెలిసీ నడక మార్చేది కాదు. ఇప్పుడైతే దానికి నా దగ్గర మాట ఉంది. ఆమెకు తన అందం మీద ఇష్టం ఉంది, ఆ ఇష్టం తప్పని ఆమె అనుకోలేదు. నాకు అప్పుడు ఆ మాట తెలియదు. జాకెట్ వల్లే అదంతా వస్తోందనుకున్నాను. ఆమె జడ మీద కుళ్ళు, కాలేజీకి తొక్కుకుంటూ పోయే సైకిలు మీద కుళ్ళు, అమ్మ ఆమెను చూసి విసుక్కుంటూనే మురిసిపోవడం మీద మరీ కుళ్ళు. కళ్ళలో నిప్పులు పోసుకోవడం అంటారే, నేను పోసుకుంది అక్షరాలా అవే.

మా నాయనకు కందులు, పెసర్లు కొనే దుకాణం ఉండేది. ఆయన తల్లి, మా నానమ్మ, ఝరాసంగంలో ఉండి సేద్యం చూసుకునేది. ఆమె గోచీ పోసి చీర కట్టేది, పిక్కలు మోకాలి దాకా కనబడుతుండేవి, నల్లరేగడి బురద వాటికి ఎండి పగుళ్ళు పట్టి ఉండేది. రవిక ముందు ముడి వేసుకునేది, ఎండాకాలం అదీ లేదు. నాగలి వెనక నడిచినా, బండెక్కినా, సంతలో బేరమాడినా ఆ పిక్కలతోనే. వాటి గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఆ నానమ్మే మా ఇంటికి వచ్చినప్పుడల్లా చిన్నమ్మ వీపు వైపు చూసి, "కోడలా, మీ చెల్లెకు గుడ్డ తక్కువైతే చెప్పు, నేను కొనిస్త" అనేది. మా అమ్మ తల వంచుకొని చిన్నమ్మ కొంగును భుజాల చుట్టూ లాగేది. పిక్కలకు లేని సిగ్గు వీపుకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆ ఏడు ఎల్లమాసకు నాకు మొదటిసారి లంగా ఓణీ తీశారు. మా వైపు చలికాలంలో ఆ అమావాస్య నాడు ఇంటిల్లిపాదీ చేనుకు పోతుంది. జొన్న చొప్పతో చిన్న గుడిసెలాంటి కొప్పె వేసి, లోపల పాండవులని ఐదు రాళ్ళకు సున్నం పూసి పెట్టి, అంబలి చల్లుకుంటూ చేను చుట్టూ తిరుగుతారు, తర్వాత గట్టు మీద కూర్చొని నువ్వులద్దిన సజ్జ రొట్టెలూ, పచ్చి కందిగింజలూ చిక్కుళ్ళూ ఆకుకూరలూ కలిపి వండిన బజ్జీ తింటారు. చుట్టాలందరూ చూసే రోజు కదా అని అమ్మ చిలకపచ్చ గుడ్డ తెచ్చి, నా పాత జాకెట్ ఒకదాన్ని ఆదిగా ఇచ్చి, "రెండు వేళ్ళు వదులు పెట్టుమను" అని నన్ను మాస్టర్ సాబ్ దగ్గరికి పంపింది. వీధి మలుపు తిరక్కుండానే నేను వెనక్కి వచ్చాను. చిన్నమ్మ ట్రంకుపెట్టె తీసి, నా జాకెట్ అక్కడ పెట్టి, నెమలికంఠం జాకెట్ మూటలో కట్టుకున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

మాస్టర్ సాబ్ దాన్ని విప్పి, కళ్ళజోడు పైకి తోసి నన్ను చూశాడు. "బేటా, గిది నీ ఆదియేనా? బహుత్ పెద్దగున్నది గదా?"

"పెరుగుత గదా అని అమ్మ గిదే ఇయ్యమన్నది. వెనక దారాలు గూడ పెట్టుమన్నది."

పెరిగే పిల్లలకు ఏదైనా వదులుగా కుట్టించడం మా ఊరి ఆచారమే, ఆయన నమ్మాడు. పండుగకు ముందు రోజు సాయంత్రం కొత్తదీ, ఆదీ రెండూ పేపరులో చుట్టి ఇచ్చాడు. పండుగ వంటల హడావుడిలో అమ్మ విప్పి చూడలేదు. ఆదిని తిరిగి ట్రంకులో పెట్టడానికి సందు దొరక్క నా పుస్తకాల సంచీలో దాచాను.

తెల్లవారకముందే జీపు. వంటింట్లో చిన్నమ్మ, అమ్మ రొట్టెలు మూటలు కడుతుంటే నేనొక్కదాన్నే గదిలో ముస్తాబయ్యాను. జాకెట్ నా భుజాల మీద నిలవనంటే ఎక్కడ పడితే అక్కడ పిన్నీసులు పెట్టి, మీద స్వెట్టరు వేసుకొని మెడ దాకా గుండీలు పెట్టుకున్నాను. చేనుకు చేరేసరికి ఎండ రాలేదు, జొన్న ఆకుల మీద మంచు ఇంకా ఉంది, కుసుమ ముళ్ళు లంగాకు గుచ్చుకుంటున్నాయి. ఎండెక్కాక అందరూ శాలువాలు తీసేశారు. నేనూ స్వెట్టరు తీసి, మేనత్తలందరూ చూస్తుండగా, చిన్నమ్మ నడిచినట్టు నడుస్తూ కొప్పె దగ్గరికి పోయి పాండవులకు మొక్కడానికి వంగాను. పటపటమని పిన్నీసులు ఊడాయి. భుజాలు రెండూ మోచేతుల మీదికి జారాయి, లోపల వేసుకున్న స్కూలు బనియను బయటపడింది. కుచ్చుల దారం ఒకటి అంబలి కుండలో మునిగింది. చేనంతా ఒకటే నవ్వులు.

నానమ్మ మాత్రం నవ్వలేదు. నా భుజం పట్టి తిప్పి, వెనక లోతు చూసింది. "ఎవ్వలు కుట్టిచ్చిన్రే గిది?"

అమ్మ మొహం తెల్లబోయింది. అందరి కళ్ళూ నా మీదే. నేనే చేశానని చెబితే తన్నులు, అంతకంటే ఎక్కువ, ఆ మేనత్తలు ఏడాదంతా చెప్పుకొని నవ్వుతారు.

"చిన్నమ్మ" అన్నాను. "చిన్నమ్మే గిట్ల కుట్టియ్యమన్నది."

చిన్నమ్మ చేతిలో సగం మడిచిన సజ్జ రొట్టె ఉంది. "నేనెప్పుడు..." అని నోరు తెరిచి, నా మొహం చూసి ఆగిపోయింది.

"మీ అవ్వగారింటి సోకులు మా పిల్లకు నేర్పకుండ్రి" అంది నానమ్మ, చిన్నమ్మతో కాదు, మా అమ్మతో. పుట్టింటిని అన్న ఆ మాట అమ్మకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వారం తిరగకముందే చిన్నమ్మ ట్రంకు రాయికోడ్ బస్సెక్కింది, చివరి ఏడు చదువు అట్లాగే ఆగింది. బస్సు కదిలేటప్పుడు ఆమె నాకు చేయి ఊపింది కూడా. నేను తేలు కుట్టిన దొంగలా గుమ్మంలో నిలబడ్డాను. నిజం చెప్పాలి, ఏడుపుతో పాటు కొంచెం హాయిగానూ ఉండింది, ఇక ఈ ఇంట్లో అద్దం ముందు నిలబడేది నేనొక్కదాన్నే కదా అని.

ఆ హాయి ఎన్నాళ్ళో నిలవలేదు. మరుసటి నెల అమ్మ నాకు మెడ దాకా మూసిన జాకెట్ కుట్టించింది, వీపు మీద వేలెడు చోటు కూడా కనబడనిది. అదే నా ఆది అయింది. అది పొట్టయ్యాక దాని కొలతకు పక్కల కుట్లు వదిలి ఇంకోటి, అది పాతబడ్డాక దాన్ని చూసి మరోటి. నా పెళ్ళికీ, టీచరు ఉద్యోగంలో చేరిన రోజుకీ, అమ్మ పోయిన తర్వాత కూడా అంతే. మా ఆయన ఏమీ అనలేదు, ఎవరూ వద్దనలేదు, ఎవరినీ నేను అడగనూ లేదు. ఆది ఇచ్చి కుట్టించుకున్నాను, అంతే. లెక్క చూసుకుంటే ముప్పయ్యేళ్ళ పైగా నేను తొడుక్కున్నవన్నీ ఆ ఒక్క భయపు జాకెట్‌కు పుట్టిన పిల్లలే.

చిన్నమ్మ ఇప్పుడు బీదర్‌లో ఉంటుంది. కంటి పరీక్షకని మొన్న మా ఇంటికి వచ్చింది. యాభై దాటినా జడ సన్నబడిందే కానీ జాకెట్ లోతు తగ్గలేదు. మూట తీసుకుపోయి ఆమె ఒళ్ళో పెట్టాను. రుమాలు విప్పి, నెమలికంఠం రంగు చూసి, కుచ్చు ఒకటి వేళ్ళ మధ్య నలిపింది.

"చేనుల అబద్ధం చెప్పిన చిన్నమ్మా" అన్నాను.

"అది నాకెర్క లేదా? నా కొలతకు కుట్టిన జాకెట్ నేను గుర్తు పట్టనా? పెట్టెల నీ జాకెట్ దొరకలేదా?" అంది. "ఎందుకు చెప్పినవో గదే ఎర్క లేకుండె."

"కుళ్ళు" అన్నాను. "నీ మీద కుళ్ళు."

ఆమె జాకెట్ మడత పెట్టి మళ్ళీ రుమాలులో చుట్టింది. "నువ్వు డిగ్రీ పాసైనవని మీ అమ్మ ఉత్తరం రాసిన దినం నాకు రొట్టె మింగుడు పడలేదే" అంది చివరికి. "నాకుండె నీ మీద. గప్పుడే నువ్వు నిజం చెప్పుంటె నేనూ నీ లెక్కనే టీచరైతుంటి." మాఫీ చేశానని అనలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు మా అమ్మాయి జాకెట్ కోసం ముగ్గురం బజారుకు పోయాం. మాస్టర్ సాబ్ దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్ ఫోన్లు అమ్ముతున్నారు. మూట పట్టుకొని పరుగెత్తే పిల్లలెవరూ కనబడలేదు, ఎవరి మూటలో ఎవరి ఆది ఉందో చూసేవాళ్ళూ లేరు. సందు చివర కొత్తగా పెట్టిన దుకాణంలో అందరూ ఆడవాళ్ళే, ఎదురెదురు గోడలకు నిలువుటద్దాలు. అమ్మాయి తనకు ఏం కావాలో రెండు నిమిషాల్లో చెప్పేసి పక్కకు నిలబడింది. చిన్నమ్మ నన్ను ముందుకు తోసి, "దీనికి గూడ ఒకటి" అంది.

నేను అలవాటుగా సంచీలో చేయి పెట్టి నా ఆది జాకెట్ తీయబోయాను.

"ఆది అక్కర్లే మేడం, నేను కొలత తీస్త" అంది టేలర్ పిల్ల, టేపు మెడలోంచి తీస్తూ. "వెనక ఎంత దింపాలె? జర చేత్తో చూపిస్తరా?"

చేయి వెనక్కి తిప్పి వేలు పెట్టాను. పెట్టాక తెలిసింది, అది సరిగ్గా మా అమ్మ ఆపిన చోటే ఆగింది. ఎంత చెప్పినా అక్కడి నుంచి కిందికి దిగనంటోంది. అంతలో వెనక నుంచి చిన్నమ్మ నా వేలు పట్టుకొని, నాలుగు వేళ్ళ లోతు కిందికి లాగి, అక్కడ గట్టిగా నొక్కి పెట్టింది.

"గీడిదాంక రాసుకో బిడ్డా" అంది ఆ పిల్లతో, నా పక్కకు వచ్చి నిలబడుతూ.

ముందు అద్దంలో వెనకద్దం, అందులో మా ఇద్దరి వీపులూ పక్కపక్కన కనబడ్డాయి. ఇప్పటికీ ఆమెదే బాగుంది.