అభ్యంతరం మాస్టారి టెన్నిస్ జట్టు

మా టెన్నిస్ మాస్టారికి ఓటమి అనే మాట తెలియదు. మేం గెలిచేవాళ్ళమని కాదు, ఓడిపోతున్న ప్రతిసారీ ఆయన దానికి అన్యాయం అని పేరు పెట్టేవారు. పేరు పెట్టి ఊరుకునేవారా? తిన్నగా అంపైరు కుర్చీ దగ్గరికి వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని, "నాకు అభ్యంతరం ఉంది" అనేవారు. ఆ మాట వినగానే జట్టులో ఉన్న ఐదుగురు ఆడపిల్లలం తలలు వంచుకుని బూట్ల తాళ్ళు కట్టుకునేవాళ్ళం. కట్టిన తాళ్ళే విప్పి మళ్ళీ కట్టేవాళ్ళం. ఆ ఏడాదంతా నాకు ఒళ్ళు మండిపోతూనే ఉండేది.

బళ్ళో ఆయన చెప్పేది భూగోళశాస్త్రం. అందుకని ఆయన అభ్యంతరాల్లో సూర్యుడు కూడా ముద్దాయే. మొదటి పోటీలో మా పొడుగమ్మాయి ఒక్క గేమూ గెలవకుండా, పెదవి కొరుక్కుంటూ ఆడుతోంది. మాస్టారు లేచారు.

"ఎండ మా పిల్ల కళ్ళలో పడుతోంది."

"సూర్యుణ్ణి నేను జరపలేను కదా సార్" అన్నాడు అంపైరు.

"కోర్టును జరపొచ్చుగా! ఉత్తర దక్షిణాలుగా ఉండాల్సింది పదకొండు డిగ్రీలు పక్కకి తిరిగింది. ఎవరండీ గీసింది?"

"నేను పుట్టకముందే గీశారు సార్."

"అయితే మీ నాన్నగారిని పిలవండి."

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. పొడుగమ్మాయి ఓడింది. మేం తలెత్తుకోలేక బస్సెక్కాం.

రెండో పోటీలో గాలి తప్పు. మూడో పోటీలో అవతలి పిల్లల తల్లులు మరీ లయగా చప్పట్లు కొట్టడం తప్పు. నాలుగోసారి జేబులోంచి టేపు తీసి నెట్ ఎత్తు కొలిచారు. నెట్ నడిమధ్య మూడడుగులు ఉండాలి. మూడడుగులే ఉంది. "అయితే టేపు తప్పు" అన్నారు, కొన్నది తనే అయినా! నోటితో చెప్పింది చాలదన్నట్టు ప్రతి అభ్యంతరాన్నీ మూడు ప్రతులు రాసేవారు. ఒకటి అంపైరుకి, ఒకటి అవతలి కోచ్‌కి, ఒకటి మా పెద్దమేడంకి.

ఆరు పోటీలు ఓడాక పెద్దమేడం ఆయన్నీ, కెప్టెన్నని నన్నూ పిలిపించింది. "మాస్టారూ, మీ కాగితాలకి నా బీరువా చాలట్లేదు. ఆఖరి పోటీ కూడా ఓడితే జట్టు రద్దు. టెన్నిస్ కోర్టులో టీచర్ల బళ్ళు పెట్టుకుంటాం."

బయటికొచ్చాక నేను ఉండబట్టలేక అడిగేశాను. "సార్, ఈసారికి నోరు విప్పకండి. ఓడిపోతే పరువుగా ఓడిపోతాం."

"ఓడిపోవడానికి నువ్వెవరమ్మా? నేనింకా ఒప్పుకోలేదుగా!"

నేను విసవిసా కోర్టుకెళ్ళి గోడకేసి బంతి బాదాను.

ఆఖరి పోటీలో ఐదాటలకి మూడు నెగ్గాలి. రెండు మావి, రెండు వాళ్ళవి అయ్యాయి. ఐదోది నాది. ఆఖరి సెట్‌లో నేను ఐదు, అవతలి అమ్మాయి రెండు. ఇంకొక్క గేమ్! అప్పుడు ఆ పిల్లకి ఆట గతి తప్పింది. సర్వీసు నెట్‌కి కొట్టింది. మళ్ళీ కొట్టింది. వరసగా మూడు పాయింట్లు అలాగే పోగొట్టుకుంది. గట్టు మీద నుంచి వాళ్ళ కోచ్, "ఇంట్లో కూర్చోక ఎందుకొచ్చావే?" అని అరిచాడు. జనం గొల్లుమన్నారు. ఆ పిల్ల ముఖం గోడకేసి తిప్పుకుంది.

నేను మాత్రం లోపల పండగ చేసుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే మా మాస్టారు టేపుతో సహా కోర్టులోకి దిగారు. దిగినవారు నా వైపు రాలేదు, ఆ పిల్ల వైపు వెళ్ళి ఏదో గొణిగారు. తర్వాత నెట్ దగ్గరికొచ్చి, "నాకు అభ్యంతరం ఉంది! నెట్ ఎత్తుగా ఉంది. ఈ అమ్మాయికి అన్యాయం జరుగుతోంది!" అన్నారు.

అంపైరు కుర్చీలోంచి వంగి చూశాడు. "సార్, ఆ అమ్మాయి మీ జట్టు కాదు."

"అన్యాయానికి జట్లుంటాయా?"

ఇటు నుంచి కొలిచారు, అటు నుంచి కొలిచారు, నేల మీద బోర్లా పడుకుని కింద నుంచి కూడా కొలిచారు. ఆ సందట్లో ఆ పిల్ల ఎటో వెళ్ళింది. ఆట ఆపినందుకు శిక్షగా అంపైరు ఆ గేమ్‌ని వాళ్ళకి ఇచ్చేశాడు. నాకు ఏడుపు రాలేదు, హత్య చేయాలనిపించింది.

తిరిగొచ్చిన ఆ పిల్ల వేరే మనిషి. ఒక్క సర్వీసూ నెట్‌కి తగల్లేదు. ఐదూ ఐదూ అయ్యాం. కోపమంతా బంతి మీద చూపించాను. ఎలా గెలిచానో దేవుడికెరుక, ఏడు అయిదుతో గెలిచాను. జట్టు నిలిచింది.

నెట్ దగ్గర చేయి కలిపినప్పుడు ఆ పిల్ల నవ్వుతోంది. "మీ మాస్టారు నాతో ఏమన్నారో తెలుసా? 'నేనో ఐదు నిమిషాలు సాగదీస్తాను, అందరూ నన్ను చూసి నవ్వుతుంటారు, ఈలోపు నువ్వెళ్ళి ముఖం కడుక్కునిరా తల్లీ' అన్నారు."

నేను అక్కడే నిలబడిపోయాను. ఆరు పోటీల్లోనూ ఆయన లేచిన క్షణాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ప్రతిసారీ మాలో ఎవరో ఒకరికి కళ్ళు నిండాయి. ప్రతిసారీ జనం ఆయన్నే చూశారు.

బస్సులో అడిగాను. "మాకెందుకు చెప్పలేదు సార్?"

"చెబితే ఇంకేముంది! అలిసిపోయినప్పుడల్లా ఏడుపు ముఖం పెట్టి నా వైపు చూస్తారు. అది ఆటకే అన్యాయం."

వారం తిరక్కుండా అవతలి కోచ్ ఆయన మీద ఫిర్యాదు పంపాడు. అది చదివి మాస్టారు స్టాఫ్ రూం కప్పు లేచిపోయేలా మండిపడ్డారు. "తేదీ లేదు! కారణాలకి అంకెలు లేవు! అభ్యంతరంలో 'భ'కి బదులు 'బ' రాశాడు! నా మీద రాసే ఫిర్యాదు ఇలాగేనా ఏడ్చేది?"

ఆ సాయంత్రమే కూర్చుని, పద్నాలుగు కారణాలతో తన మీద తనే ఫిర్యాదు రాసి, మూడు ప్రతులూ సంతకానికి పంపారు. ఆ కోచ్ కళ్ళకద్దుకుని సంతకం పెట్టాడు. మాస్టారికి మరుసటి ఏడాది రెండు పోటీల నిషేధం పడింది.

"చూశారా, శ్రద్ధగా రాస్తే ఎంత బాగా పనిచేస్తుందో!" అని ఆయన స్టాఫ్ రూంలో అందరికీ టీ ఇప్పించారు.